ఎవరి పిడికెడు

తెల్లవారుజాము నాలుగున్నరకు
రువి సందుల్లో ఏసీలు మాత్రమే మేలుకొని ఉంటాయి.
వాటి కింద కారిన నీళ్లు దాటుకుంటూ
మత్రా సముద్రం చూసి వస్తాను.
ఆగస్టు గాలి తడి తువ్వాలలా మొహానికి చుట్టుకుంటుంది.
పదకొండు కిలోమీటర్లు. ఏడు వందల ఇరవై క్యాలరీలు.
ఫోన్ చెప్పింది, నేను నమ్మాను.

నేను స్టోర్‌కీపర్‌ని.
నట్టుకు బోల్టు, పైపుకు ఎల్బో,
వచ్చిందెంత, పోయిందెంత, మిగిలిందెంత
పద్నాలుగేళ్లుగా ఇదే రాత.
ఇప్పుడు అదే రిజిస్టరు ఒంటికి తెరిచాను.
జనవరిలో నలభై రెండు కిలోమీటర్లు ఉరకాలి,
ఆలోపు తొమ్మిది కిలోల స్టాకు దించాలి.

రెండున్నర రియాళ్లు పెట్టి చిన్న కాటా కొన్నాను.
దాని మీద అన్నం పోస్తుంటే
లింబాద్రి చాప మీంచి లేచి కూర్చున్నాడు:
"ఏందిరా, బువ్వకు హాల్‌మార్క్ ఏపిస్తున్నవా?"
నూట యాభై గ్రాములు.
నాలుగు మెతుకులు ఎక్కువైతే మళ్లీ గిన్నెలోకి.
గదిలో మిగతా అయిదుగురూ పచ్చిపులుసు కలుపుకుంటారు
వేళ్ల సందుల్లోంచి మోచేతి దాకా కారేటట్టు.
నేను కీరముక్క నములుతూ గోడవైపు తిరుగుతాను.
గోడ మీద ఏదో హోటలు పంచిన క్యాలెండరు,
నెలకో వంటకం.
ఈ నెల మటన్ మందీ.

శుక్రవారం లింబాద్రి సర్వపిండి ఒత్తాడు.
గంజు అడుగున పిండి పరిచి, వేలితో చిల్లులు పొడిచి,
చిల్లుకో చుక్క నూనె వదిలి మూత పెట్టాడు.
నువ్వులు వేగిన వాసన మంచాల కిందికి కూడా పాకింది.
ఒకటి తిన్నాను.
ఒకటిన్నర.
నిజం చెప్పాలంటే రెండు.

తిన్నది రాయాలి కదా.
ఫోనుకు షవర్మా తెలుసు, కబ్సా తెలుసు,
హమ్మూస్ చెంచాకు ఎంతో తెలుసు.
సర్వపిండి అని కొడితే
"ఈ పేరుతో ఏ ఆహారమూ లేదు" అంది.
కోపం రాలేదు గానీ
ఎక్కడో కలుక్కుమంది.
కావాలంటే కొత్తగా చేర్చుకో,
దినుసులు గ్రాముల్లో చెప్పు, అంది.

కోరుట్లకు ఫోన్ చేశాను.
"లసుమక్కా, పిండి ఎంత పోస్తవ్?"
"మనుషులను జూసి పోస్త."
"నువ్వులు?"
"పిడికెడు."
"ఎవరి పిడికెడు?"
"ఎవలు జేస్తే ఆళ్లది."
"పల్లీలు?"
"చారెడు."
"నూనె?"
"గంజు తాగినంత. ఇవన్నెందుకురా నీకు?"
కాసేపాగి తనే అంది:
"బక్కగైనవట గద, లింబాద్రి పెండ్లాం చెప్పింది.
కంపినోళ్లు అన్నం సక్కగ పెడ్తలేరా?"
తక్కువ తినడం నేర్పినందుకు
నెలనెలా ఫోనుకు డబ్బు కడుతున్నానని
నోరు రాలేదు.
సిగ్నల్ సరిగా లేదన్నాను.

గడిలో 'పిడికెడు' అని రాశాను.
"అంకెలు మాత్రమే" ఎర్రగా మెరిసింది.
అందరూ పడుకున్నాక నువ్వుల డబ్బా దించి
నా పిడికెడు కాటా మీద పోశాను. ముప్పై ఒకటి.
మేస్త్రీ పని చేసే లింబాద్రిని లేపి వాడి పిడికెడు పోయించాను.
నలభై నాలుగు. తిట్టి పడుకున్నాడు.
అక్కది బీడీలు చుట్టి చుట్టి
సగమే ముడుచుకునే పిడికిలి.
ఆ గడి ఖాళీగా వదిలేశాను.

మర్నాడు ఇరవై ఆరు కిలోమీటర్ల పరుగు.
ఇరవై రెండో దాని దగ్గర
మోకాళ్లు నావి కాకుండా పోయాయి.
చేపల మార్కెట్ ఇవతల పిట్టగోడ మీద కాఫీ ఫ్లాస్కుతో
ఒక ముసలాయన, తలకు రంగుల పాగా.
నన్నూ నా ఊపిరినీ కాసేపు చూసి
"తఫద్దల్" అని డబ్బా ముందుకు జరిపాడు.
ఖర్జూరాలు. నా మొహమాటం చూసి
తనే గుప్పిట్లో తీసి నా చేతిలో కుక్కాడు.
తిన్నాను.
ఎన్నని చూడలేదు.

గింజలు పారేసే చోటు కనపడక
రువి దాకా పిడికిట్లోనే పట్టుకొచ్చాను.
గదిలో వేళ్లు విప్పితే ఏడు,
అరచేతి నిండా వాటి గాట్లు.
అలవాటుగా కాటా వైపు చూశాను.
దాని మీద లింబాద్రి
ఉల్లిగడ్డలు ఆరబోసి ఉన్నాడు.